తప్పొప్పుల పట్టిక: “కొవ్వును కరిగించే నూనె”



చాలా రోజుల తరువాత ఈ పుట తెరిచాను. ఛందస్సు గురించో, శబ్దపల్లవాల గురించో వ్రాస్తాననుకొని వచ్చినవారు మన్నించాలి. ఈసారి విషయం నూనె. తెలుగు పండితుడికి నూనెతో ఏమి పని అని అడుగబోయేవారికి ముందే జవాబు చెబుతాను. నేను దిద్దిన ఒక వాక్యాన్ని నమ్మి మా అక్కయ్య ఐదు నెలలపాటు ప్రతిరోజూ పరగడుపున నూనె తాగింది. అందుకని వ్రాస్తున్నాను.

జరిగినది ఇది. నా దగ్గర పదో తరగతి చదివిన కుర్రవాడొకడు (కుర్రవాడంటున్నాను గాని వాడికి నలభై దాటాయి) మా ఊళ్ళో గానుగ నూనెల దుకాణం పెట్టాడు. వేరుశనగ, నువ్వులు, కొబ్బరి, మూడూ మన కళ్ళెదుటే ఆడించి ఇస్తాడు. నూనెలో కల్తీ లేదు. ఆ మాట కడదాకా గుర్తుంచుకోండి, ఎందుకంటే నా తగవు వాడి నూనెతో కాదు. ఒకనాడు కరపత్రం చిత్తుప్రతి తీసుకొచ్చి, “మాస్టారూ, అచ్చుకు ఇచ్చేముందు కాస్త తప్పులు దిద్దిపెట్టండి” అన్నాడు. ముప్పై ఏళ్ళ అలవాటు కదా, ఎర్రసిరా కలం తీశాను. “శ్రేష్టం” అన్నచోట ఒత్తు సరిచేసి “శ్రేష్ఠం” చేశాను. “ప్రత్యేఖత”లో ఖకారం కొట్టివేసి కకారం పెట్టాను. ఆ తరువాతి వాక్యం ఇట్లా ఉన్నది: “మా గానుగ కొబ్బరినూనె ప్రతిదినం పరగడపున నాలుగు పెద్ద చెంచాలు సేవించిన యెడల పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వులు కరుగుతుంది.” కర్త బహువచనం, క్రియ ఏకవచనం. “కొవ్వు కరుగుతుంది” అని దిద్దాను. “పరగడపున”కు ఉకారం తగిలించాను. వాక్యం వ్యాకరణసమ్మతమైనది. అందులోని అబద్ధం మాత్రం చెక్కుచెదరలేదు. అసలు నేను దానివైపు చూడనే లేదు.

వాడు గురుభక్తితో కరపత్రం అడుగున చిన్న అక్షరాలలో భాషను సరిచూచినవారని నా పేరు వేశాడు. ఆ కాగితం పక్క ఊళ్ళో ఉన్న మా అక్కయ్యకు చేరింది. ఆమెకు డెబ్బై రెండేళ్ళు. మోకాళ్ళ నొప్పులు, కాస్త స్థూలకాయం. పొట్ట తగ్గితే మోకాళ్ళకు తెరపి అని డాక్టరు చెప్పి ఉన్నాడు. అన్నం తగ్గించుకొమ్మంటే కష్టం గాని, తాగి తగ్గించుకొమ్మంటే ఎవరికి చేదు? మాలో ఎవరికీ చెప్పకుండా మొదలుపెట్టింది. యథాప్రకారం రెండుపూటలా అన్నం, పప్పు, కూర, పెరుగు. వాటికి పైన ఈ నాలుగు చెంచాలు. ఐదు నెలలలో నాలుగు కిలోలు పెరిగింది. ఆయాసం వస్తున్నదంటే పట్నం తీసుకువెళ్ళి పరీక్షలు చేయించాము. కాలేయానికి కొవ్వు పట్టిందన్నారు. రక్తంలో ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ వెనుకటి పరీక్షకంటె బాగా ఎక్కువ ఉన్నది. కాలేయానికి ముందు పరీక్ష ఏదీ లేదు కనుక ఆ కొవ్వంతా ఈ ఐదు నెలలదే అనను. పెరిగిన నాలుగు కిలోలు మాత్రం కళ్ళెదుట పెరిగినవే.

“ఏమిటక్కయ్యా, ఎవరో ఏదో కాగితం పంచితే తాగేయడమేనా?” అని కోప్పడ్డాను.

“ఎవరో ఏమిట్రా! కింద నీ పేరుందిగా. తప్పుంటే నువ్వు ఊరుకుంటావా?” అన్నది.

దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. కనుక ఆనాడు దిద్దవలసినది ఈనాడు దిద్దుతున్నాను.

ముందుగా “కరుగుతుంది” అన్న క్రియ. మాటతో మోసం చేయడానికి ఇంతకంటె చక్కని క్రియ దొరకదు. గరిటెలో నెయ్యి కరుగుతుంది, చలికాలం పొద్దున గడ్డకట్టిన కొబ్బరినూనె ఎండలో పెడితే కరుగుతుంది. ఆ దృశ్యం అందరూ చూచినదే కనుక, పొట్టమీది కొవ్వు కూడా ఏదో వేడి తగిలి కరిగి జారిపోతుందని మనసు ఒప్పేసుకుంటుంది. ఒంట్లో కొవ్వు కరగదు. శరీరానికి శక్తి చాలనప్పుడు నిలవలోనుంచి విడివడి, రక్తంలో ప్రయాణించి, కండరాలలోను కాలేయంలోను దహనమై ఖర్చవుతుంది. అంటే అది ఖర్చు పద్దు. ఆదాయం తగ్గినప్పుడో, వ్యయం పెరిగినప్పుడో నిలవలో చేయి పెడతాము. నాలుగు చెంచాల నూనె తాగడం నిలవకు జమ వేయడం.

ఆ జమ ఎంత? ఏ నూనె అయినా, నెయ్యి అయినా గ్రాముకు తొమ్మిది కేలరీలు. అన్నంలోని పిండిపదార్థానికి, పప్పులోని మాంసకృత్తులకు గ్రాముకు నాలుగే. ఎద్దుగానుగలో ఆడినా, మిల్లులో ఆడినా, వెయ్యి రూపాయల సీసాలో నింపినా ఈ తొమ్మిది మారదు. గానుగ నూనెలో వాసన నిలుస్తుంది, కొన్ని సూక్ష్మపదార్థాలు మిగులుతాయి, నిజమే. కొవ్వు మాత్రం అదే కొవ్వు. పెద్ద చెంచాడు నూనె సుమారు 14 గ్రాములు. నాలుగు చెంచాలకు 55 గ్రాములనుకుంటే దగ్గర దగ్గర 500 కేలరీలు. అది నూట నలభై గ్రాముల బియ్యం వండిన అన్నంతో సమానం. అక్కయ్యకు పొద్దున్నే ఎవరైనా అంత అన్నం పెట్టి, “ఇది తింటే సన్నబడతావు” అని చెప్పి ఉంటే చీపురు తిరగేసి ఉండేది. నూనె గ్లాసులో అడుగున కనబడుతుంది. అన్నమైతే కంచం నిండుతుంది. తేడా కంటికే.

మన హైదరాబాదు తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాదుకు వచ్చిన సంస్థ. 2024లో అది వెలువరించిన ఆహార మార్గదర్శకాలలో రోజుకు 2000 కేలరీల భోజనానికి వాడవలసిన నూనె, నెయ్యి వంటివి అన్నీ కలిపి 27 గ్రాములుగా పెట్టారు. పోపు, వేపుడు, పచ్చడిమీది నూనె, అన్నంలో నెయ్యి, అన్నీ అందులోనే. అక్కయ్య వంట మొదలుపెట్టకముందే దానికి రెట్టింపు తాగేసేది.

ఇక్కడ కొందరు మిత్రులు అడ్డువస్తారని తెలుసు. “కేలరీల లెక్క పాతబడింది మాస్టారూ, కొబ్బరినూనె కొవ్వు వేరు, అది నిలవ ఉండదు, నేరుగా ఖర్చయిపోతుంది” అంటారు. ఈ వాదంలో ఒక సత్యపు పలుకు ఉన్నది. దాని చుట్టూ కట్టిన కథే అసత్యం.

మనం తిన్న కొవ్వు చిన్నపేగులో పైత్యరసంతో కలిసి, ఎంజైములచేత విరిగి, పేగు గోడలో మళ్ళీ కూడుకొని, కైలోమైక్రాన్లు అనే చిన్న చిన్న పొట్లాలుగా శోషరసనాళాలలోకి వెళుతుంది. అక్కడినుంచి మెడ దగ్గర రక్తంలో కలుస్తుంది. దారిలో కండరాలకు ఇచ్చినది ఇవ్వగా మిగిలినది కొవ్వుకణాలలో చేరుతుంది. దీర్ఘశృంఖల ఆమ్లాలన్నీ ఈ దారినే పోతాయి. అయితే ఎనిమిది, పది కర్బన పరమాణువులున్న పొట్టి ఆమ్లాలకు ఇంత తతంగం అక్కరలేదు. అవి నేరుగా కాలేయానికి పోయి త్వరగా ఖర్చవుతాయి. ఈ పొట్టి ఆమ్లాలను మాత్రమే వేరుచేసి తయారుచేసిన ప్రత్యేకమైన నూనెతో ప్రయోగాలు చేశారు. బరువులో కొంత తగ్గుదల కనబడింది. అక్కడ కూడా అది స్వల్పమే. ఆ ప్రయోగఫలితాన్ని తెచ్చి కొబ్బరికాయ మీద అంటించారు. కొబ్బరినూనెలో ఆ రెండు ఆమ్లాలు సుమారు ఏడో వంతు. దగ్గర దగ్గర సగం ఉండేది పన్నెండు కర్బనాల లారిక్ ఆమ్లం. రసాయన పుస్తకంలో దాన్ని మధ్యమశృంఖలలో చేర్చినా, దేహంలో దాని అధికభాగం పొడుగు ఆమ్లాల దారినే పోతుంది. పేరు ఒకటి, నడక ఒకటి. నేతిబీరకాయలో నెయ్యి ఉన్నదని నమ్మేవాడిని తెలుగువాళ్ళం ఏనాడో ఎగతాళి చేశాము. ఇది నెయ్యి వెలికితీసి చూపించి బీరకాయ అమ్మడం వంటిది.

2020లో సర్క్యులేషన్ అనే హృద్రోగ పత్రికలో కొబ్బరినూనెను ఇతర నూనెలతో పోల్చిన పదహారు ప్రయోగాల సమీక్ష వచ్చింది. వేరుశనగ, పొద్దుతిరుగుడు వంటి నూనెలతో పోలిస్తే కొబ్బరినూనె ఎల్‌డీఎల్‌ను సగటున పది మిల్లీగ్రాములకు పైగా పెంచింది. ఒంటి కొవ్వు విషయంలో చెప్పుకోదగిన మేలేమీ కనబడలేదు. కేరళవారి వంటలో కొబ్బరినూనె ఉంటుంది, ఉండనీయండి. కూరకు ఒక చెంచాడు వేసుకోవడం వేరు, మందని గ్లాసులో పోసుకోవడం వేరు.

“మరి మా బాబాయి నూనె తాగే పద్ధతిలో పదిహేను కిలోలు తగ్గాడే?” అనేవారున్నారు. తగ్గి ఉండవచ్చు. కొన్నేళ్ళ కిందట మన రెండు రాష్ట్రాలలోను అన్నం, రొట్టె, పండు అన్నీ మాని నూనె, నెయ్యి, మాంసాలతో గడిపే పద్ధతి ఊరూరా పాకింది. బాబాయి రెండు పనులు చేశాడు. మూడుపూటలా తినే అన్నం, టిఫిను, చక్కెర కాఫీ, సాయంత్రం బజ్జీలు, అన్నీ మానేశాడు. నూనె తాగాడు. అన్నం మానిన పుణ్యాన్ని నూనె ఖాతాలో వేశాడు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవారు 609 మందిని రెండుగా విడదీసి ఏడాదిపాటు ఒక పక్షానికి కొవ్వు తగ్గించి, రెండో పక్షానికి పిండిపదార్థం తగ్గించి చూశారు. 2018లో ఫలితం ప్రకటించారు. కొవ్వు తగ్గించినవారు సగటున 5.3 కిలోలు, పిండి తగ్గించినవారు 6 కిలోలు తగ్గారు. ఆ తేడా లెక్కకు నిలిచేది కాదన్నారు. ఏ దారిలో తగ్గించినా మొత్తం తగ్గితే బరువు తగ్గుతుంది. మా అక్కయ్య అన్నం మానలేదు. కరపత్రంలో మానమని లేదు కూడా. ఏ పద్ధతినుంచి ఈ వాక్యాన్ని ఎత్తారో ఆ పద్ధతిలోని కష్టమైన సగాన్ని వదిలేసి, అమ్ముడుపోయే సగాన్ని అచ్చువేశారు. అచ్చు తప్పులు దిద్దింది నేను.

పైగా అదనంగా తిన్నప్పుడు కొవ్వు ఎంత సులువుగా నిలవ చేరుతుందో 1995లో కొలరాడోవారు చూపించారు. పదహారుమంది పురుషులకు కొన్నాళ్ళు అదనపు ఆహారాన్ని కొవ్వుగాను, కొన్నాళ్ళు పిండిపదార్థంగాను ఇచ్చి, లోపలికి పోయినది, ఖర్చయినది కొలిచారు. పిండిపదార్థంగా ఇచ్చిన అదనంలో 75 నుంచి 85 శాతం నిలవ చేరితే, కొవ్వుగా ఇచ్చిన అదనంలో 90 నుంచి 95 శాతం చేరింది. కొవ్వును కొవ్వుగా దాచుకోవడానికి దేహానికి కూలి ఖర్చు దాదాపు లేదు. “నిలవ ఉండదు, నేరుగా ఖర్చయిపోతుంది” అన్నవారు ఈ అంకెలు ఒకసారి చూడాలి.

అయితే కొవ్వులన్నీ ఒకటేనా? ఇక్కడ నా వాదానికి నేనే ఒక కళ్ళెం వేయవలసి ఉన్నది. బరువు తూచే కాటా దగ్గర దాదాపు అన్నీ ఒకటే. దేహం లోపల ఒకటి కావు. దీన్ని చూపించిన ప్రయోగం ఒకటున్నది, నాకు చాలా ఇష్టమైనది, కాస్త విపులంగా చెబుతాను.

స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయంవారు చేసినది. 2014లో ప్రకటించారు. ముప్పై తొమ్మిదిమంది సన్నని యువతీయువకులు. వారి మామూలు భోజనానికి అదనంగా రోజూ మఫిన్లు (చిన్న కేకులనుకోండి) తినమన్నారు. సగం మంది మఫిన్లు పామాయిల్‌తో చేసినవి, సగం మందివి పొద్దుతిరుగుడు నూనెతో చేసినవి. తక్కినదంతా ఒకటే, చక్కెర ఒకటే, పిండి ఒకటే. సగటున రోజుకు 750 కేలరీలు అదనం. ఏడు వారాలు. చివర తూచితే రెండు పక్షాలూ సమానంగా సుమారు 1.6 కిలోలు పెరిగారు. మన కరపత్రాల భాషలో చెప్పాలంటే “గుండెకు మంచి నూనె” తిన్నవాడూ పెరిగాడు, తినని వాడూ పెరిగాడు. అయితే ఎం.ఆర్.ఐ. యంత్రంలో పెట్టి చూస్తే కథ మారింది. పామాయిల్ పక్షంవారికి కాలేయంలోను, పొట్టలోపల పేగుల చుట్టూను కొవ్వు ఎక్కువ చేరింది. పొద్దుతిరుగుడు పక్షంవారికి పెరిగిన బరువులో కొవ్వు కాని కండవంటి ధాతువు వాటా ఎక్కువ, కాలేయంలో పెద్ద మార్పు లేదు. ప్రయోగం చిన్నది, వయసువారిమీద చేసినది అని ఆక్షేపించవచ్చు. 2019లో అదే బృందం సుమారు అరవైమంది స్థూలకాయులమీద ఎనిమిది వారాలు మళ్ళీ చేసింది. కాలేయం విషయంలో మళ్ళీ అదే తేలింది.

అంటే ప్రశ్నలు రెండు. ఎంత పెరుగుతాము అన్నదానికి జవాబు పరిమాణంలో ఉన్నది. పెరిగినది ఎక్కడ కూర్చుంటుంది అన్నదానిలో నూనె జాతికి కూడా పాత్ర ఉన్నది. కొబ్బరినూనెలో దాదాపు 90 శాతం, నేతిలో 60 శాతానికి పైగా, పామాయిల్‌లో సగం దాకా సంతృప్త ఆమ్లాలు. వేరుశనగలో, నువ్వులలో, తవుడు నూనెలో ఐదోవంతుకు అటూఇటూ. మన కరపత్రం ఈ రెండు ప్రశ్నలనూ కలగలిపి, రెండింటికీ తప్పు జవాబు చెప్పింది. “పొట్ట చుట్టూ” అని స్థలనిర్దేశం కూడా చేసింది చూడండి! సంతృప్త కొవ్వు అదనంగా పడితే ఎక్కడ చేరే ప్రమాదం ఎక్కువో సరిగ్గా అక్కడే తగ్గుతుందని వ్రాశారు.

మన జాతికి ఈ స్థలం ప్రశ్న ముఖ్యమైనది. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఛాయాచిత్రమొకటి 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. చూపులకు ఇద్దరూ సన్ననివారే. దేహంలో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. కాటా ఒకటి చెబుతుంది, లోపల ఒకటి ఉంటుంది. మనవారికి బీఎంఐ 23 దాటితేనే అధికబరువు అనీ, మగవారికి నడుము 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే జాగ్రత్తపడాలనీ వైద్యులు వేరుగా గీతలు గీయడం ఇందుకే. నేను కొలుచుకున్నాను. ఎంతో చెప్పను.

పామాయిల్ ఇంట్లో కొనని వారు కూడా తింటున్నారని మరచిపోకూడదు. బిస్కట్లలో, బేకరీ సరుకులో, పొట్లాల మిక్చరులో అది ఉంటుంది. ప్రపంచంలో పామాయిల్ అత్యధికంగా దిగుమతి చేసుకునేది మన దేశమే. దేశంలో ఆయిల్‌పామ్ పండించడంలో ఆంధ్రప్రదేశ్ ముందున్నది. పరిశోధన సంస్థ కూడా మన పెదవేగిలోనే ఉన్నది. రైతుకు అది అన్నం పెడుతున్నది, కాదనను.

డాల్డా సంగతి క్లుప్తంగా ముగిస్తాను. 1937లో వచ్చిన ఆ పసుపుపచ్చ డబ్బా, దానిమీది చెట్టుబొమ్మ మా తరంవారికి పెళ్ళి భోజనాల గుర్తు. నూనెను హైడ్రోజన్‌తో గట్టిపరిచే ఆ విద్యలో ట్రాన్స్ కొవ్వులు పుట్టాయి. కొవ్వు జాతినిబట్టి బరువు మారదన్న నా మాటకు ఒక మినహాయింపు ఇక్కడ కనబడుతుంది, అదీ కోతులలో. అమెరికాలో వేక్ ఫారెస్ట్‌వారు కోతులకు ఆరేళ్ళపాటు సమానమైన కేలరీలు పెట్టి చూస్తే, ట్రాన్స్ కొవ్వు తిన్నవి 7.2 శాతం, తిననివి 1.8 శాతం బరువు పెరిగాయి. 2007 నాటి మాట. మన దేశంలో నూనెలలో ట్రాన్స్ కొవ్వు పరిమితిని 2021 జనవరిలో మూడు శాతానికి, 2022 జనవరిలో రెండు శాతానికి దించారు. ఆలస్యమైనా మంచి పని.

ఇక కరపత్రంలోని చివరి వాక్యం, నాకు అన్నింటికంటె కోపం తెప్పించేది: “మన పూర్వులు గిన్నెలతో నెయ్యి తాగి నూరేళ్ళు బ్రతికారు.” ఏ పూర్వులు? మా నాయనమ్మ వంటింట్లో నూనె బుడ్డి అటకమీద ఉండేది, మా చేతికి అందకుండా కాదు, కోడళ్ళ చేతికి అందకుండా! పోపుగరిటెలో నూనె పోసి, మళ్ళీ సగం బుడ్డిలోకి వంచేది. నెయ్యి చుట్టం వస్తే కనబడేది. మడి దున్నేవాడు, కలుపు తీసే ఆమె పొద్దుటినుంచి మాపటిదాకా ఖర్చు చేసేంత శక్తి నేడు కూర్చుని పనిచేసే మనం ఖర్చు చేయము. ఇక నూరేళ్ళ మాట. స్వాతంత్ర్యం వచ్చేనాటికి భారతీయుడి సగటు ఆయుర్దాయం ముప్పై రెండేళ్ళకు అటూఇటూ. పసిబిడ్డల మరణాలు దానిని కిందికి లాగాయి, నిజమే. అయినా నూరేళ్ళు నిండినవారు వీధికొకరు లేరు.

పూర్వుల పేరు ఎత్తేవారు పూర్వుల పుస్తకం తెరవరు. చరకసంహిత సూత్రస్థానంలో నిందితులైన ఎనిమిది రకాల దేహాల గురించి ఒక అధ్యాయమే ఉన్నది. వారిలో అతిస్థూలుడొకడు. ఆ స్థౌల్యానికి కారణాలు చెబుతూ అతిగా తినడం, వ్యాయామం లేకపోవడం, పగటినిద్రలతోపాటు గురువైన, తియ్యని, స్నిగ్ధమైన ఆహారాన్ని కూడా చేర్చాడు. స్నిగ్ధమంటే జిడ్డుగలది. నెయ్యిని అంతగా పొగిడిన శాస్త్రమే, ఎవరికి, ఎప్పుడు, ఎంత అని కూడా చెప్పింది. మనవారికి మొదటి సగం మాత్రమే కంఠస్థం.

పనిలోపనిగా “కొలెస్ట్రాల్ రహితం” అన్న ముద్ర గురించి. ఇది మా శిష్యుడి కరపత్రంలోనే కాదు, పెద్ద పెద్ద కంపెనీల పొట్లాలమీద కూడా చూశాను. మొక్కలనుంచి వచ్చే ఏ నూనెలోనూ చెప్పుకోదగిన కొలెస్ట్రాల్ ఉండదు. ఎముకలు లేని అరటిపండు అని బోర్డు పెట్టి అమ్మినట్లున్నది. అబద్ధం కాదు గనుక ఎవరూ పట్టుకోలేరు. విన్నవాడు మాత్రం ఇంకో గరిటె ఎక్కువ పోస్తాడు. మన భాషలో “మంచినూనె” అన్న మాట ఉన్నది. మంచినీళ్ళు అన్నట్లే అది తినదగినదని, ఆముదమూ కిరసనాయిలూ కాదని చెప్పడం వరకే. ఎంతైనా తాగవచ్చునని ఆ “మంచి”లో ఎక్కడా లేదు. అసలు నూనె అన్న మాటే నువ్వుల నెయ్యి, నూ నెయ్యి. తిలలనుంచి తైలం వచ్చినట్లు. అంత నిజాయితీగా పుట్టిన మాటను ఇట్లా వాడుకుంటున్నాము.

మనలో మనం ఒకప్పుడు అరసున్న ఉండాలా వద్దా అని, పొల్లు హకారం ఎక్కడ పెట్టాలని నెలల తరబడి వాదించుకున్నాము. ఆ వాదాలు వృథా అనను, నాకిప్పటికీ ఇష్టమే. కాని “శ్రేష్ఠం”లో ఒత్తు లేకపోతే ఎవరికీ ఏమీ కాదు. ఆ పక్క వాక్యం చదివి మా అక్కయ్య చెంచా తీసింది.

ఆమె నూనె మానేసి ఇప్పటికి నాలుగు నెలలు. అన్నం కొంచెం తగ్గించింది, కూరకు వేరుశనగ నూనె చెంచాతో కొలిచి వేస్తున్నది. రెండు కిలోలు తగ్గింది. మిగిలిన రెండూ కదలలేదు. కాలేయం సంగతి మళ్ళీ పరీక్షకు వెళితే తెలుస్తుంది.

శిష్యుడి దుకాణానికి వెళ్ళి విషయమంతా చెప్పాను. వాడు తల వంచుకొని విన్నాడు. “మాస్టారూ, అమ్మగారికి అట్లా అవుతుందనుకోలేదు. కాని ఆ వాక్యం తీసేస్తే కొబ్బరినూనె ఎవరు కొంటారు?” అన్నాడు. వాడి బాధ వాడిది. ఇద్దరు పిల్లల చదువులు ఆ గానుగమీదే నడుస్తున్నాయి. నీ నూనె కల్తీ లేనిదని వ్రాయి, తాజాగా ఆడినదని వ్రాయి, కమ్మగా ఉంటుందని వ్రాయి, అవన్నీ నిజాలే కదా అన్నాను. కరపత్రం మళ్ళీ తీసుకొని అదే ఎర్రసిరాతో ఆ వాక్యాన్ని ఈ చివరినుంచి ఆ చివరిదాకా కొట్టివేశాను. అంచున “వంటకు మాత్రమే, ఇంటిల్లిపాదికీ కలిపి కొలిచి వాడుకోండి” అని వ్రాశాను. అడుగున నా పేరు కూడా కొట్టివేశాను. రెండో ముద్రణ దసరాకు ముందు అన్నాడు. ఎట్లా వేస్తాడో చూడాలి.

పాత కరపత్రం ఫోనులలో ఇంకా తిరుగుతున్నదని విన్నాను. మీలో ఎవరైనా దానిని పంచి ఉంటే, ఎవరికి పంపారో వారికి ఈ టపా కూడా పంపండి. అందులోని నాలుగు చెంచాల వాక్యం తప్పు. దిద్దినవాడినే చెబుతున్నాను.